గుమ్మం దగ్గర మూడో ప్రశ్న

ఫ్రిజ్‌లో నిమ్మకాయలు అయిపోయాయని ఆవిడకి మధ్యాహ్నం తెలిసింది. పొద్దున్నే సంచి నిండా తెచ్చినవి. చెత్తబుట్ట మూత తీస్తే పిండేసిన డిప్పలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మంచినీళ్ల క్యాను అడుగంటింది. బాత్రూం తలుపు మూసి ఉంది. లోపల ఫ్లష్ చప్పుడు. అది ఆ పూట ఎన్నోదో లెక్కపెట్టడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

"ఒరేయ్ చంటీ, ఉన్నావా, కొట్టుకుపోయావా?"

"ఉన్నానక్కా," అంది తలుపు అవతలి గొంతు నీరసంగా.

పేరుకి చంటిగాడే గానీ ఆవిడ తమ్ముడికి ముప్ఫై దాటాయి. విమానంలో కుడివైపు సీట్లో కూర్చునే కో-పైలట్. ఎడమవైపు సీటు ఆవిడ మొగుడిది. ఆయన అదే కంపెనీలో కెప్టెన్. తమ్ముడికి ఈ ఊళ్లో డ్యూటీ పడ్డప్పటి నుంచి అక్కాబావల ఇంట్లోనే, వెనక గదిలో మకాం. దాంతో ఒకే కప్పు కిందకి ఇద్దరు పైలట్లు చేరారు. ఇద్దరి బూట్లు, ఇద్దరి చక్రాల పెట్టెలు, ఇద్దరి తెల్ల చొక్కాల ఇస్త్రీ ఆవిడ నెత్తికి చుట్టుకున్నాయి.

ఉద్యోగం ఒకటే గానీ మనుషులిద్దరికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. కెప్టెన్ దగ్గు బిళ్ల చప్పరించాలన్నా కళ్లజోడు పెట్టుకుని దాని కాగితం మీద ఉన్న అచ్చంతా చదువుతాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ కూరలో గసగసాలు వెయ్యబోతుంటే వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. సరసమనుకుంది పాపం. "అవి తింటే మా పరీక్షలో తేడాగా చూపించొచ్చట," అన్నాడాయన. ఆ డబ్బా ఆ రోజు వంటింటి గడప దాటింది. మళ్లీ లోపలికి రాలేదు.

పరీక్షంటే మత్తు పరీక్ష. డ్యూటీకి వచ్చినవాళ్లలో ఎవరినో ఒకరిని, చెప్పాపెట్టకుండా పక్కగదిలోకి పిలిచి సీసా చేతికిస్తారు. ఆ గదిలో కుళాయిలకి టేపు అంటించి ఉంటుంది. కమోడ్‌లో నీళ్లకి నీలం రంగు కలిపి ఉంటుంది. సీసాకి వేడి చూపించే పట్టీ ఉంటుంది, బయట నుంచి తెచ్చి పోసిందైతే చల్లదనం చెప్పేస్తుంది. ఈ వైభవమంతా కెప్టెన్ అన్నాలు తింటూ వర్ణిస్తాడు. ఇంటికొచ్చిన ఫ్యాను రిపేరు మనిషికి కూడా వర్ణించాడొకసారి. ఆ మనిషి పాపం తన మీదే అనుమానమనుకుని తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

బాత్రూం తలుపు తెరుచుకుంది. చంటి తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, ఖాళీ క్యాను చూసి నిట్టూర్చాడు.

"ఇంకో క్యాను తెప్పించవా అక్కా?"

"నాలుగు రోజులుగా కడుపు బాగాలేదని సెలవు పెట్టావు. కడుపు చెడినవాడెవడూ ఇన్ని నిమ్మకాయలు పిండుకుని తాగగా నేను చూళ్లేదు. ఏమిట్రా సంగతి?"

"వేడి చేసింది."

"నాకు చేస్తోంది వేడి."

చంటి వంటింటి గట్టు మీదికెక్కి కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ ఏదైనా అడగాలంటే అక్కడే కూర్చుంటాడు. జేబులోంచి బుల్లి షాంపూ సీసా తీశాడు. కడిగి, ఆరబెట్టి, లేబుల్ గోకేసిన సీసా.

"అక్కా, చిన్న సాయం. నువ్వు సిగరెట్టు కూడా ఎరగవు కదా. తలనొప్పికి మాత్ర కూడా వేసుకోవు. అందుకని... ఇందులో కాస్త..."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో ఉన్న గరిటె గట్టు మీద టంగుమని పడింది.

"చిన్నప్పుడు నీ ఉచ్చగుడ్డలు ఉతికి ఆరేశాను. అది చాల్లేదట్రా నీకు?"

"మెల్లగా అక్కా!"

"మెల్లగా ఏమిటి మెల్లగా! ఏం తాగావు?"

"పార్టీలో. ఫ్రెండు పుట్టినరోజు. చేతికందిస్తే ఒక్క దమ్ము. అంతే."

"గంజాయేనా?"

"అబ్బా, ఆ మాటనకక్కా, అదేదో రైల్వే స్టేషన్ వెనక సరుకులా. స్టఫ్ అంటారు."

"పెంటకి పన్నీరని పేరు పెడితే వాసన పోతుందా? ఆదివారం నీ జాకెట్ ఉతికితే కాలిన గడ్డి కంపు కొట్టింది. ఎక్కడో చలిమంట వేశారేమో అనుకున్నాను, వెర్రిమొహాన్ని."

చంటి చేతిలో సీసాని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇవాళ్టితో సెలవు అయిపోతుందట. డ్యూటీలో చేరగానే పరీక్ష తన మీద పడుతుందేమోనని భయమట. ఎవడో స్నేహితుడు నీళ్లూ నిమ్మరసమూ తాగితే ఒళ్లు కడిగినట్టవుతుందని చెప్పాడట.

"మీ బావ ఎన్నిసార్లు చెప్పార్రా? అన్ని నీళ్లు తాగితే సీసాలోకీ నీళ్లే వస్తాయి. ల్యాబు వాళ్లకి మరీ అనుమానమొచ్చి, ఎదురుగా మనిషిని నిలబెట్టి మళ్లీ పట్టమంటారు. దొంగతనానికి వెళ్లి డప్పు కొట్టుకున్నట్టు."

"అందుకే కదా నీ..."

"చల్లారిపోదూ?"

"చంకలో పెట్టుకెళ్తాను."

ఆవిడ చేతులు జోడించింది, దేవుడికో తమ్ముడికో తెలియకుండా. చదువుకున్నవాడు. మేఘాల మధ్య నుంచి అంత ఇనపపక్షిని తీసుకొచ్చి సన్నటి దారి మీద దించగలవాడు. అలాంటివాడు అక్క వంటింట్లో కూర్చుని చంకలో సీసా గురించి మాట్లాడుతున్నాడు.

"ఇది అన్యాయమక్కా," అన్నాడు చంటి, ఎక్కడలేని ఆవేశంతో. "మందు తాగినోడికి తెల్లారేసరికి దిగిపోతుంది, దర్జాగా ఎక్కి కూర్చుంటాడు. నాకు బుర్రలో ఏమీ లేకపోయినా రోజుల తరబడి ఒంట్లో ఆనవాలు ఉంటుంది. ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం సంగతి నువ్వు దిగొచ్చాక మాట్లాడుకుందాం. అసలెక్కకుండా ఉండే దారి చూడు ముందు. మీ బావకి చెప్పు."

"చంపేస్తారు."

"చంపరు. చెప్పేదేదో నీ అంతట నువ్వే చెప్పాలి, అంతే."

అదీ ఆవిడకి కంఠతా వచ్చిన రూలే. తన తప్పు తానే ముందుగా చెప్పుకున్నవాడిని కంపెనీ డాక్టరు దగ్గరికి పంపుతుంది. కొన్నాళ్లు నేల మీద కూర్చోబెడుతుంది. మళ్లీ మళ్లీ పరీక్షించి, శుభ్రంగా ఉంటే ఎక్కిస్తుంది. డ్యూటీలో చేరినట్టు సంతకం పెట్టి, సీసా చేతికొచ్చాక నోరు విప్పితే అది చెప్పుకోవడం కిందికి రాదు, దొరికిపోయినట్టే. ఇంకెవరో చెప్పినా అంతే. అందుకే ఆవిడ నోరు కట్టుబడిపోయింది. తాను మొగుడికి చెప్పిందంటే ఆయన ఆ మాట కడుపులో దాచుకునే మనిషి కాడు. తమ్ముడికి తనంతట తాను చెప్పుకున్నాడన్న ఆ కాస్త దారీ మూసుకుపోతుంది.

"పొద్దుపోయేలోగా చెప్తా. ఒట్టు," అన్నాడు చంటి.

ఆవిడ షాంపూ సీసాని చెత్తబుట్టలో, నిమ్మడిప్పల మీదికి విసిరేసింది.

సాయంత్రం కెప్టెన్ ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయన ఈల వెయ్యడం ఆవిడ పెళ్లయ్యాక రెండో మూడో సార్లు విన్నది.

"ఏమోయ్, రేపటి ఫ్లైట్‌కి నా పక్కన ఎవరో చెప్పుకో!"

ఆవిడ తమ్ముడి వంక చూసింది. "ఎవరండీ?"

"మన బామ్మర్ది! ఎన్నాళ్ల నుంచి అడుగుతుంటే ఇప్పటికి కుదిరింది. ఏరా, కడుపు కుదుటపడిందా? రేపు ల్యాండింగ్ నీదే. నేను చేతులు కట్టుకుని కూర్చుంటా."

చంటి నవ్వాడు. పంటినొప్పి ఉన్నవాడు నవ్వినట్టుంది.

భోజనాల దగ్గర ఆవిడ టేబుల్ కింద నుంచి తమ్ముడి కాలు తొక్కింది. చంటి మంచినీళ్లు తాగాడు. మళ్లీ తొక్కింది. మళ్లీ తాగాడు. మూడోసారి కాస్త గట్టిగానే తొక్కింది.

"అబ్బా! నా కాలెందుకు తొక్కుతున్నావోయ్?" అన్నాడు కెప్టెన్.

"దోమ," అంది ఆవిడ.

కెప్టెన్ టేబుల్ కిందికి వంగి దోమ కోసం చూశాడు. ఆ తరువాత, అడగకుండానే, వేరే కంపెనీలో ఎవరో కుర్రాడు పరీక్షలో దొరికిపోయిన కథ ఎత్తుకున్నాడు. "తెలివైనవాడేనట. నాకదే అర్థం కాదు. తెలివి తక్కువవాడు తప్పు చేసి ఏడుస్తాడు. తెలివైనవాడు ఉపాయాలు వెతుక్కుంటాడు." చంటికి పొలమారింది. బావ నెత్తి మీద తట్టి నీళ్లందించాడు. ఇంకా నీళ్లు! ఆవిడ కంచం తీసుకుని లేచిపోయింది.

గిన్నెలు కడిగేచోట తమ్ముణ్ణి పట్టుకుంది.

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఈల వేస్తున్నారక్కా ఆయన!"

"ఈల ఆపాక చెప్పాల్సింది. ఒక్క దమ్మేనా నిజంగా?"

"రెండు మూడు సార్లు. అయినా ఎప్పుడో... పార్టీల్లోనే."

మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఒకటి మూడయ్యింది. ఇంకో పూట ఆగితే ఎంతవుతుందోనని ఆవిడకి భయమేసింది. ఆ భయం కాసేపట్లోనే కోపంగా మారిపోయింది. భయపడటానికి తీరికేది? ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు రెండున్నాయి.

"పొద్దున బయల్దేరేముందు తప్పకుండా చెప్తా," అన్నాడు చంటి. ఈసారి ఒట్టు వెయ్యలేదు. మొదటి ఒట్టు కన్నా అదే కాస్త నమ్మబుద్ధేసింది ఆవిడకి.

ఈ ఇంట్లో పైలట్ గుమ్మం దాటాలంటే ఓ తతంగం ఉంది. అది కెప్టెన్ పెట్టింది. విమానంలో స్విచ్చులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకరు అడుగుతుంటే ఒకరు చూసి జవాబు చెబుతారట. ఆ పద్ధతి ఆయన ఇంటికీ తెచ్చాడు. స్విచ్చుల్ని చూసినట్టే మనిషినీ చూడాలంటాడు. "తనని తాను అడుక్కునేవాడు తనకి కావాల్సిన జవాబే చెప్పుకుంటాడు. అడిగే మనిషి వేరే ఉండాలి." ఆ వేరే మనిషి ఆవిడే. పాలు పొంగుతున్నా, కుక్కర్ కూస్తున్నా గుమ్మం దగ్గరికి వచ్చి ఆరు మాటలు అడగాలి: జబ్బు, మందులు, మత్తు, మనసు, నిద్ర, తిండి. ఆరోది మొదట్లో లేదు. ఎలాగూ అడుగుతున్నాను కదా అని ఆవిడే కలిపింది. జవాబు సరిగ్గా రాకపోతే అడిగేవాళ్లు తరువాతి మాటకి వెళ్లకూడదు. అదే మళ్లీ అడగాలి. అది రూలు. మొదట్లో మొగుడికి పిచ్చేమో అనుకుంది. ఇప్పుడు తాను అడక్కపోతే ఆయన చెప్పులకి దారం కట్టినట్టు అక్కడే నిలబడిపోతాడని తెలిసి అడిగేస్తోంది. చంటి వచ్చాక ఇద్దరూ పక్కపక్కన, బళ్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా నిలబడతారు.

మర్నాడూ అలాగే నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాలు, మెరిసే బూట్లు. కెప్టెన్ భుజాల మీద నాలుగు గీతలు, చంటి భుజాల మీద మూడు. చంటి టిఫిన్ ముట్టుకోలేదు. కెప్టెన్ సంబరంలో తినడమే మర్చిపోయాడు. కింద కంపెనీ కారు వచ్చి ఆగింది.

చంటి చెప్పలేదు. ఆవిడ పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది. వాడు షేవింగ్ చేసుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు, టై సరిచేసుకున్నాడు, బావతో వాతావరణం గురించి మాట్లాడాడు. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పాడు. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"జబ్బు?"

"లేదు," అన్నాడు కెప్టెన్.

"తగ్గిపోయింది," అన్నాడు చంటి.

"మందులు?"

"లేవు."

"లేవు."

"మత్తు?"

"లేదు."

"లేదు," అన్నాడు చంటి, గోడ మీద స్విచ్చు వంక చూస్తూ.

ఆవిడ తరువాతి మాటకి వెళ్లలేదు.

"మత్తు?"

కెప్టెన్ నవ్వాడు. "చెప్పాం కదోయ్, ఇద్దరమూ."

"నాకు సరిగ్గా వినబడలేదు. మత్తు?"

"లేదన్నాగా అక్కా," అన్నాడు చంటి. గొంతు పెరిగింది.

"మత్తు?"

కింద కారు హారన్ మోగింది. కెప్టెన్ వాచీ చూసుకున్నాడు. మళ్లీ పెళ్లాం మొహంలోకి చూశాడు. ఆయన నవ్వు మెల్లగా కరిగిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ ఏ మాటనీ రెండోసారి అడగలేదు. ఇప్పుడెందుకు అడుగుతోందో ఆయనకి తెలియదు గానీ, రూలు మాత్రం తెలుసు. ఆయన పక్కకి తిరిగి బామ్మర్ది వంక చూశాడు. పెట్టె పిడి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"టైమవుతోందక్కా, ప్లీజ్..."

"అక్క వంటింట్లో ఉందిరా. ఇక్కడున్నది అడిగే మనిషి. మత్తు?"

చంటి పెదవులు తడుపుకున్నాడు. అన్ని నీళ్లు తాగినవాడి నోరు ఎండిపోయింది.

"ఉంది," అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు కెప్టెన్.

"మొన్న."

మొన్న! ఆవిడకి గరిటెతో ఒక్కటి వెయ్యాలనిపించింది. ఒక్క దమ్ము, రెండు మూడు సార్లు, ఎప్పుడో పార్టీలో... అవన్నీ అయ్యి చివరికి మొన్న. తాను కూరగాయలకని కిందికి వెళ్లినప్పుడు, తన ఇంట్లో, తన వెనక గదిలో. మొన్న కూడా తాను తెచ్చింది నిమ్మకాయలే. ఒక పక్క పొయ్యి అంటించుకుంటూ ఇంకో పక్క నీళ్లు కుమ్మరించుకున్నాడన్నమాట ఈ మహానుభావుడు.

కెప్టెన్ అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"తర్వాతది అడుగు," అన్నాడాయన.

"ఏమిటీ?"

"మధ్యలో ఆపకూడదు. అడుగు."

ఇలాంటి మనిషితో ఎలా వేగాలో ఏ పెళ్లిచూపుల్లోనూ చెప్పరు. ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"మనసు?"

చంటి టై ముడి వదులు చేసుకున్నాడు. కెప్టెన్ బూట్ల స్టూలు లాక్కుని కూర్చుని, కుడి బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"బాగాలేదు," అన్నాడు. "నాకే. నేనిప్పుడు వెళ్లి కూర్చుంటే నా ధ్యాస అక్కడుండదు."

"మీరు వెళ్లండి బావా, మీరెందుకు..." అని చంటి ఏదో అనబోయాడు.

"నువ్వాగు. నిద్ర?" అన్నాడు కెప్టెన్. ఆవిడ అడిగేలోపే ఆయన అడగడం, రూలు తప్పడం, అదే మొదటిసారి.

చంటి గోడకి ఆనుకున్నాడు. "రావట్లేదు బావా. నైట్ ఫ్లైట్లు వరసగా పడ్డప్పటి నుంచీ. పగలు పడుకుంటే కళ్లు మూతపడవు. మొదట సరదాకే తాగాను, అబద్ధం కాదు. ఆ రోజు బాగా నిద్రపట్టింది. తర్వాత నిద్ర కోసమే... ఇప్పుడు అది లేకపోతే అస్సలు పట్టట్లేదు."

హారన్ మళ్లీ మోగింది. కెప్టెన్ ఫోన్ తీసి కంపెనీకి చేశాడు. "ఇవాళ్టి ఫ్లైట్‌కి బదులు మనుషులు కావాలి. అవును, ఇద్దరూ. ఇద్దరికీ అనే చెప్పాను." అవతలి మనిషి నమ్మినట్టు లేదు. ఈయన ఎన్నడూ డ్యూటీ మానింది లేదు. ఫోన్ పెట్టేసి, బామ్మర్ది వైపు తిరిగాడు. "కంపెనీ డాక్టరుకి నువ్వు చెయ్యి. ఇప్పుడే. నీ నోటితో నువ్వే చెప్పు. నేను వాళ్లడిగినప్పుడు చెప్తాను."

చంటి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. అద్దం తలుపు అవతల వాడి వీపు కనిపిస్తోంది. ఇస్త్రీ చొక్కా అప్పుడే చెమటకి అంటుకుపోయింది.

"నీకు నిన్ననే తెలుసు," అన్నాడు కెప్టెన్.

"తెలుసు."

"నాకు చెప్పలేదు."

"చెబితే మొగుడిలా వినేవారా, కెప్టెన్‌లా వినేవారా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. అదొకటి ఉంది ఆయనలో, అడిగితే ఆలోచిస్తాడు. "కెప్టెన్‌లా," అన్నాడు.

"అందుకే."

"వాడు చివరిదాకా లేదనే అనుంటే?"

"ఇంకా అడుగుతూనే ఉండేదాన్ని. కారు వాడు పైకొచ్చినా, ఇరుగుపొరుగు వచ్చినా. ఏదో ఒకటి తేలకుండా నేను నాలుగోదానికి ఎప్పుడైనా వెళ్లానా?"

కెప్టెన్ రెండో బూటు కూడా విప్పి, రెండింటినీ జతగా గోడ వారకి పెట్టాడు.

చంటి లోపలికి వచ్చాడు. "రమ్మన్నారు. ఇవాళే. కొన్నాళ్లు కిందే ఉండాలట. నిద్ర సంగతి కూడా అడిగారు. మళ్లీ ఎక్కిస్తారో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు." ఆ తరువాత అక్క వంక చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందని ఆవిడేమీ ఆశపడలేదు. లేదు కూడా. "తృప్తిగా ఉందా నీకు?"

"ఉందిరా. పొద్దున్నే ఇద్దరు మగాళ్లు ఇస్త్రీ బట్టల్లో హాల్లో కూర్చుంటే ఎంత తృప్తిగా ఉంటుందో చెప్పలేను."

చంటి మొహం తిప్పుకున్నాడు. ఓ వారమైనా మాట్లాడడని ఆవిడకి తెలుసు. మాట్లాడకపోతే పోయె, బాత్రూమైనా ఖాళీగా ఉంటుంది.

"ఒకటి మిగిలిపోయింది," అన్నాడు కెప్టెన్, నేల వంక చూస్తూనే.

"ఏమిటి మిగిలింది? మిగలడానికేముంది ఇంకా?"

"ఆరోది."

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సాక్సులతో స్టూలు మీద ఒకడు, టై వదులు చేసుకుని గోడకి ఒకడు. వీళ్లని నమ్మి జనం ఆకాశంలోకి ఎక్కుతారు.

"తిండి?" అంది.

"లేదు," అన్నాడు కెప్టెన్.

చాలాసేపటికి గోడ దగ్గర నుంచి, వినీ వినబడకుండా, "లేదు," అని వచ్చింది.

"రండి, ఏడవండి," అని ఆవిడ వంటింట్లోకి నడిచింది. "నిమ్మకాయ కావాలన్నవాడి కంచం మాత్రం లాగేస్తాను."